లూపు దాటని నంబరు

ఆ ఏడాది నేను చేయని ఫోన్లకు నాకు కృతజ్ఞతలు అందుతుండేవి.

మొదట అన్నది నరసరావుపేట రోడ్డులోని ఒక కోల్డ్ స్టోరేజీ గుమాస్తా. వాళ్ల కంప్యూటర్ మొరాయిస్తోందంటే చూడటానికి వెళ్లాను. మిరప ఘాటుకి వరసగా నాలుగు తుమ్ములు తుమ్మి, ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఆయన మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, "మొన్న మీరు ఫోన్ చేసి చెప్పబట్టి సరిపోయిందండి మేడం. కరెంటు పోయిన సంగతి మావాళ్లు చూసుకోలేదు. వెంటనే జనరేటర్ వేయించాం" అన్నాడు.

నేను ఫోన్ చేయలేదు. ఆ మాటే చెప్పాను.

"భలేవారే. ఆడమనిషి గొంతు. మీ ఆఫీసు నుంచే కదండీ" అని నవ్వాడు.

మా ఆఫీసులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. చేయని పని నేను చేశానని ఎవరైనా అంటే, అది మంచి పనైనా సరే, నాకు ఒళ్లు మండుతుంది. ఈయన మతిమరుపు మనిషి అనుకుని వచ్చేశాను. నెల తిరక్కుండా ఇంకోచోట వాచ్‌మన్ కూడా అదే మాట అన్నాడు. పైగా, "ఆదివారం కూడా పని చేస్తారా మేడం? మీ వెనకాల ఎవరో పాటలు పాడుతున్నారు, మీరేమో గుసగుసగా మాట్లాడారు" అన్నాడు. ఆ ఆదివారం నేను పొన్నూరులో మా ఇంట్లో పడి నిద్రపోయాను. ఆ మాట విన్న రోజు మాత్రం బస్సులో తిరిగి వస్తూ రెండు మూడుసార్లు నా ఫోన్ తీసి, నేను ఎవరెవరికి చేశానో చూసుకున్నాను. నా మీద నాకే అనుమానం పట్టుకుంది.

మా పని గురించి చెప్పాలి. గుంటూరు చుట్టుపక్కల మిరపకాయ టిక్కీలు, అంటే బస్తాలు, దాచే కోల్డ్ స్టోరేజీలకు మేము అలారాలు పెడతాం. ఒక్కోదానిలో ఓ మూల ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. గదిలో చలి తగ్గినా, కరెంటు పోయినా, చల్లబరిచే యంత్రాల్లో వాడే అమోనియా గ్యాసు బయటికి వచ్చినా అది ఒక మెసేజ్ పంపాలి. అంతే. కాయ వేడెక్కితే రంగు పోతుంది, రైతు నోట్లో మట్టి పడుతుంది. గ్యాసు వస్తే మాత్రం పోయేది మనిషే.

అలాంటి కంప్యూటర్లు మావి డజను పైన ఉన్నాయి. ఒక్కోచోటికీ పోయి చేత్తో సర్దాలంటే కుదిరే పని కాదు. అందుకని అన్నిటికీ కలిపి ఒకటే కోడ్ ఉంటుంది. అది గుంటూరులో కూర్చుని రాస్తే, అందులో రాసినట్టు ఆ కంప్యూటర్లన్నీ తమను తాము సర్దుకుంటాయి. ఒకచోట దిద్దితే అన్నిచోట్లా మారుతుంది. ఒకచోట తప్పు చేస్తే కూడా అంతే.

ఆ కోడ్ రాసింది మా సారు. నాకు ఈ పని అక్షరాల దగ్గర నుంచి నేర్పిన మనిషి. వేటపాలెం ఆయనది. వారమంతా గుంటూరులో ఒక గదిలో ఉండి, శనివారం మధ్యాహ్నం రైలెక్కేవారు. నాకు మొదటి వారం ఆయన చెప్పిన పాఠం ఇప్పటికీ గుర్తుంది. కోడ్‌లో ఫోన్ నంబరు అంకెల్లో రాయం, ఒక పేరు రాస్తాం, ఆ పేరు వెనక ఏ నంబరుంటే అది పలుకుతుంది అని చెప్పి, "మీ ఇంట్లో పెద్దోడు అని పిలిస్తే ఎవరు పలుకుతారు?" అని అడిగారు.

"మా అన్నయ్య."

"పక్కింట్లో?"

"వాళ్ల పెద్దోడు."

"పెద్దోడు లేని ఇంట్లో నిలబడి పిలిస్తే?"

నేను ఆలోచిస్తుంటే ఆయనే చెప్పారు. "ఇంట్లో లేకపోతే వీధిలో వెతుకుతుంది. వీధిలో లేకపోతే ఊళ్లో. ఊరి చివరి దాకా వెళ్లి ఎవరో ఒకర్ని పట్టుకొస్తుంది. అందుకని పేరు చూసి నమ్మకూడదమ్మా. ఎక్కడ నిలబడి పిలుస్తున్నావో చూసుకోవాలి."

ఆ ఊరి చివర, అంటే కోడ్‌లో అన్నిటికన్నా బయట, ఆయన తన నంబరు పెట్టుకున్నారు. దాని పక్కనే తెలుగులో ఒక వాక్యం. "ఏ దిక్కూ లేని అలారం నాకు రావాలి." ఎవరి కోసం రాశారో తెలియదు. యంత్రానికి ఆ వాక్యంతో పని లేదు. మనిషి చదువుకోవడానికి తప్ప అది ఎందుకూ పనికిరాదు.

ఒక సోమవారం ఆయన రాలేదు. ఆదివారం ఆరాధన నుంచి ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చుని, ప్రభువునందు నిద్రించారని ఆయన భార్య ఫోన్ చేశారు. మేమంతా వెళ్లాం. శవపెట్టెకు భుజం పట్టినవాళ్లలో చిలకలూరిపేట రోడ్డులోని కోల్డ్ స్టోరేజీ ఆపరేటర్ కూడా ఉన్నాడు. సారు కోసం తెల్లవారే బయల్దేరి వచ్చాడు.

నాలుగో రోజు మా ఓనరు, "సారు నంబరు తీసేసి నీది పెట్టు" అన్నాడు. నిజమే. పని ఆగదు. ఆ వాక్యం ముందు కూర్చున్నాను. పది అంకెలు చెరపాలి, పది అంకెలు కొట్టాలి. చెయ్యి రాలేదు.

మా ఇంట్లో తాతయ్య పోయినప్పుడు పెద్దకర్మ అయ్యేదాకా ఆయన కళ్లజోడు కిటికీలో నుంచి తీయలేదు. చెప్పులు గడప పక్కనే ఉన్నాయి. నాయనమ్మ తీయనివ్వలేదు. సారు వాళ్లు క్రైస్తవులు, వాళ్లకు పెద్దకర్మ లేదు. నాకు ఆ సంగతి తెలుసు. అయినా నాలుగో రోజే ఆ మనిషిని చెరిపేయడం నావల్ల కాలేదు. బయట ఉన్న ఆయన నంబరు జోలికి పోకుండా, లోపల నా నంబరు రాశాను. ఇంట్లో పెద్దోడు ఉంటే ఊళ్లో పెద్దోడితో పని లేదు కదా అని నా తెలివి. పెద్దకర్మ నాటికి బయటిది కూడా తీసేద్దామనుకున్నాను. తీయలేదు. మర్చిపోయానని చెప్పడం అబద్ధం. చూసినప్పుడల్లా రేపు అనుకున్నాను.

పనిచేస్తుందో లేదో పరీక్ష కూడా చేశాను. ఒక గదిలో వేడిని కొలిచే తీగ తీసి టీ గ్లాసులో ముంచాను. క్షణంలో నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. తృప్తిగా ఆ టీ పారబోసి ఇంకోటి తాగాను.

ఆ తర్వాత పదకొండు నెలలు ఆయన రాసిన కోడ్‌లోనే బతికాను. ఎవరూ లేని ఇంట్లో తిరుగుతున్నట్టుండేది. ఏ మూలకు వెళ్లినా ఆయన చేతిరాత లాంటి వాక్యాలు. "ఇక్కడ తొందరపడకు." "దీన్ని ముట్టుకునే ముందు కిందిది చదువు." నిజంగానే చెయ్యి ఆపేదాన్ని. ఒక్కోసారి జవాబు చెప్పేదాన్ని కూడా. నోరు తెరిచి, "చదివాను సార్" అనేదాన్ని. ఎదుటి బల్ల దగ్గరున్నవాళ్లు తలెత్తి చూసేవారు.

ఇంకో సంగతి. ఆ పదకొండు నెలల్లో నాకు గదుల వేడి గురించే మెసేజ్‌లు వచ్చాయి. కరెంటు పోయిందని ఒక్కటీ రాలేదు. పల్నాడు ఎండల్లో కరెంటు పోకుండా ఉంటుందా? బుర్ర ఉన్నవాళ్లెవరికైనా అక్కడే వెలగాలి. కరెంటోళ్లు బాగుపడ్డారని ఆఫీసులో జోకు వేశాను.

ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. చిలకలూరిపేట రోడ్డు ఆపరేటర్ ఫోన్ చేశాడు. రొప్పుతున్నాడు.

"మేడం," అన్నాడు. "సారు ఫోన్ చేశారండీ."

ఏ సారు అని నేను అడగలేదు. అడక్కపోవడం ఇప్పటికీ నాకు వింతగానే ఉంటుంది.

నేను వెళ్లేసరికి ఫైరింజన్ వాళ్లు వాల్వు కట్టేసి ముఖాలకున్న తొడుగులు తీస్తున్నారు. రోడ్డు మీదికి కూడా ఆ ఘాటు కళ్లలో గుచ్చుకుంటోంది. రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్లు ముప్పై మంది దాకా తడి కొంగులు ముక్కుకి పెట్టుకుని అవతలి గట్టున కూర్చున్నారు. బస్తాలు మోసే ముఠా కూలీలు నిలబడి ఉన్నారు. నేను పిచ్చిదానిలా తలలు లెక్కపెట్టాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఒక ముసలావిడ దగ్గుతోంది, అంతే.

ఆపరేటర్ ఒక సిమెంటు దిమ్మె మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో కడిగిన క్యారేజీ అలాగే ఉంది.

"అన్నం తిని, క్యారేజీ కడుక్కుని యంత్రాల గదిలోకి పోబోతన్నానండి. తలుపు మీద చెయ్యేశాను. ఫోను మోగింది. చూద్దును గదా, సారు పేరు. ఆ నంబరు నేను తీయలేదండి, ఎట్టా తీస్తామండి? నా భుజం మీద మోసిన మనిషి. కాళ్లు కదల్లా. ఆగింది. మళ్లీ మోగింది. ఎత్తాను. 'లోపలికి పోవద్దు, గ్యాసు. అందర్నీ బయటికి లాగండి' అని ఆడగొంతు. అరుస్తా పరిగెత్తానండి." ఆగి, ముఖం తుడుచుకున్నాడు. "ఆ ఫోను రాకపోతే తలుపు తీసేవాణ్ని మేడం."

ఆ గదిలో మోగాల్సిన హూటర్ మోగలేదు. కరెంటు పోయినప్పుడల్లా చెవులు చిల్లులు పడేలా అరుస్తోందని ఎప్పుడో దాని వైరు పీకేశారు. ఇక మిగిలింది మా మెసేజ్ ఒక్కటే. నా ఫోన్ తీసి చూశాను. ఏమీ లేదు.

ఆఫీసుకు వచ్చి కోడ్ తెరిచాను. వెతకాల్సిన పనే లేకపోయింది. పదకొండు నెలలుగా నా కళ్లముందున్నదే.

ప్రతి కోల్డ్ స్టోరేజీలో నాలుగైదు గదులు ఉంటాయి. గది గదికీ అవే వాక్యాలు మళ్లీ మళ్లీ రాయకుండా, ఒక్కసారి రాసి, ఎన్ని గదులుంటే అన్నిసార్లు తిప్పుతాం. దాన్ని లూపు అంటాం. నేను నా నంబరు ఆ లూపు లోపల రాశాను. గదుల అలారాలన్నీ లూపు లోపలివి, కాబట్టి నాకే వచ్చాయి. కరెంటు, జనరేటర్, అమోనియా ఒక గదికి సంబంధించినవి కావు, భవనం మొత్తానివి. అవి లూపు కింద, బయట ఉన్నాయి. పై నుంచి కిందికి కథలా చదివితే, పైన నంబరు మారింది కాబట్టి కింద కూడా మారినట్టే కనపడుతుంది. యంత్రం అలా చదవదు. లూపు లోపల పెట్టిన విలువ లూపు దాటగానే చెల్లదు. బయట నిలబడి పిలిస్తే, అది ఊరి చివరి దాకా వెళ్లి సారుని పట్టుకొచ్చింది. ఎక్కడ నిలబడి పిలుస్తున్నావో చూసుకోమని ఆయన చెప్పింది ఇదే.

డజను పైన కోల్డ్ స్టోరేజీలు. పదకొండు నెలలు. పోయిన కరెంటు ప్రతిదీ, ఆగిన జనరేటర్ ప్రతిదీ ఆయన జేబులోకే వెళ్లింది. అవతల ఎవరో తీసి చదివారు. ఎవరో ఫోన్లు చేశారు.

మర్నాడు పొద్దున్నే గుంటూరులో రైలెక్కాను. తెనాలి, బాపట్ల, చీరాల దాటేదాకా ఏం మాట్లాడాలో నేర్చుకుంటూ కూర్చున్నాను. వేటపాలెంలో దిగేసరికి జీడిపిక్కలు కాల్చే వాసన ముక్కుకి పట్టుకుంది. నేర్చుకున్నదంతా మర్చిపోయాను.

సారు భార్య రిటైరయిన టీచరు. తలుపు తీసినప్పుడు ఆవిడ మెడలో గుడ్డ సంచి ఒకటి వేలాడుతోంది. అందులో సారు ఫోన్ ఉంది. నన్ను చూడగానే కూర్చోమని కూడా అనలేదు.

"ఆ ఆపరేటర్ గారు బాగున్నారా? ఆడవాళ్లంతా బయటికి వచ్చేశారా?"

"అందరూ బాగున్నారు ఆంటీ."

"స్తోత్రం" అని, అప్పుడు కుర్చీ చూపించారు. "అక్కడి ఆఫీసు నంబరు ఎత్తలేదమ్మా, భోజనాల వేళ కదా. ఆయన ఫోన్‌లో పేర్లన్నీ వెతికి చేశాను."

చర్చివాళ్లు సారు కోసం జ్ఞాపకార్థ కూడిక పెట్టిన రోజే మొదటి మెసేజ్ వచ్చిందట. ఫలానా చోట కరెంటు లేదని, కింద ఆ కోల్డ్ స్టోరేజీ ఆఫీసు నంబరు. "ఆయనకొచ్చిన పని, ఎవరో ఒకరు చెప్పాలి కదా అని చేశాను. మళ్లీ వచ్చింది. నవ్వకు గానీ, మొదట్లో ఆయనే పంపుతున్నాడేమో అనిపించేది. తర్వాత అర్థమైంది. మీరంతా కావాలనే ఉంచారు. ఆయన పని నా చేతికిచ్చారు అనుకున్నాను. ఎంత గౌరవంగా అనిపించిందో తెలుసా?"

అవును ఆంటీ, కావాలనే ఉంచాం అంటే సరిపోయేది. ఆవిడ సంతోషంగా ఉండేవారు, నా తప్పు నా దగ్గరే ఉండిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

ఆవిడ చెప్పుకుంటూ పోయారు. ఒకసారి చీరాలలో పెళ్లికి వెళ్తూ ఫోన్ ఇంట్లో మర్చిపోయారట. సాయంత్రం వచ్చి చూస్తే నాలుగు మెసేజ్‌లు. అదృష్టం బాగుండి అక్కడివాళ్లే చూసుకున్నారు. "ఆ రోజు నుంచి దీన్ని వదల్లేదు. స్నానానికి వెళ్లినా కిటికీలో పెట్టుకుంటాను. చర్చిలో పాస్టర్ గారికి చెప్పి వెనక బెంచీకి మారాను, మోగితే లేచి బయటికి పోవచ్చని." కాస్త తగ్గు గొంతుతో, "మా అమ్మాయి మార్కాపురం అవతల కొండల్లో నర్సు కదా. కాన్పుకి కూడా పోలేదమ్మా. అక్కడ సిగ్నల్ రాదు. పాపకి ఇప్పుడు ఏడు నెలలు. ఫొటోల్లో చూస్తున్నాను" అన్నారు.

సారు నన్ను వదల్లేదని, ఆయన నీడలో బతుకుతున్నానని పదకొండు నెలలు నా మీద నేనే జాలిపడ్డాను. ఆయన ఎవరినీ పట్టుకోలేదు. ఈవిడను ఆ ఫోన్‌కి కట్టిపడేసింది నేను.

"ఆంటీ, అది కావాలని చేసింది కాదు. నా పొరపాటు" అన్నాను. మొత్తం చెప్పాను. చెరపలేకపోవడం, లోపల రాయడం, టీ గ్లాసు, అన్నీ. టీచరు కదా, ఆవిడకు తొందరగానే అర్థమైంది.

ఆవిడ మెడలోని సంచి వైపు చూసుకున్నారు. "అంటే, నన్ను ఎవరూ అడగలేదన్నమాట."

"లేదు ఆంటీ."

"నేనే అనుకున్నాను."

ఏడుపు ఆగలేదు నాకు. ఆవిడ ఏడవలేదు, నన్ను ఓదార్చనూ లేదు. తిట్టినా బాగుండేది. లేచి వెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి నా ముందు పెట్టారు. "ఎక్కడుంది ఆ నంబరు? చూపించు" అన్నారు.

లాప్‌టాప్ తీసి చూపించాను. ఆ వాక్యాన్ని ఆవిడ వేలితో తడుముతూ రెండుసార్లు చదివారు. నంబరు దగ్గర వేలు ఆగింది. "తీసెయ్" అన్నారు. పది అంకెలు ఒక్కొక్కటే చెరిపాను. నా అంకెలు కొట్టాను. కోడ్ పంపి, అన్ని చోట్ల నుంచీ సరే అని జవాబు వచ్చేదాకా ఇద్దరం తెర వంక చూస్తూ కూర్చున్నాం.

"ఇక రావా?"

"రావు ఆంటీ."

ఆవిడ మెడలో సంచి తీసి బల్ల మీద పెట్టారు. మెడ మీద తాడు ఒరుసుకున్న చోట నల్లగా గీత పడి ఉంది. "అయితే, నేను మా అమ్మాయి దగ్గరికి వెళ్లొచ్చా?" అని అడిగారు. నన్ను అడిగారు. తలూపాను.

ఆవిడ లోపలికి వెళ్లి మంచం కింద నుంచి ఒక బ్యాగు లాక్కొచ్చారు. అది సర్దే ఉంది. కాన్పు రోజులకు సర్దుకున్నదట. పైనున్న చీరలు తీసి పక్కన పెట్టి, అడుగున మడతపెట్టిన చిన్న చిన్న జుబ్బాలు బయటికి తీశారు. తెల్ల మల్లు గుడ్డ, చేత్తో కుట్టినవి, ఆరో ఏడో ఉన్నాయి. ఒకటి విప్పి తన అరచేతి మీద పరిచి చూసుకున్నారు.

"ఇవి ఇక దానికి పట్టవమ్మా" అన్నారు.